పడుకునే ఉద్యోగానికి ఢోకా

ఆ రోజు నిద్రగన్నేరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళడం, హోటలువాళ్ళు అడిగిన పరుపులు చూసి పాస్ చేయడం, సాయంత్రం వచ్చేటప్పుడు ఒక వాషర్ కొనుక్కొచ్చి వంటింట్లో కారుతున్న కుళాయి బాగుచేయడం. ఆ కుళాయి కారడం మొదలై చాలా కాలమైంది. దాని గురించి భార్య అన్న మాటలన్నీ ఒకచోట పోస్తే కారిన నీళ్ళకంటే ఎక్కువే అవుతాయి.

నిద్రగన్నేరు అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పరుపుల ఫ్యాక్టరీలో ఆయనది ఆఖరి తనిఖీ. తయారైన పరుపు మీద పడుకుంటాడు. ఎడమకి తిరుగుతాడు, కుడికి తిరుగుతాడు, వెల్లకిలా పడుకుని కాసేపు కళ్ళు మూసుకుంటాడు. లేచి సుద్దముక్కతో అట్టమీద టిక్కు పెడతాడు, నచ్చకపోతే ఇంటూ పెడతాడు. ఆ పని అంతటితో సరి. వేళకి ఆకులు ముడుచుకునే చెట్టులాగా వేళకి కళ్ళు మూస్తాడు కదా అని తోటివాళ్ళు ఆ పేరు తగిలించారు. జీతం తీసుకుని పడుకునే అదృష్టం ఎంతమందికి ఉంటుందని అందరూ అసూయపడేవారు. ఆయన మాత్రం ఎవరైనా తనని చూసి నవ్వితే ఆ రాత్రి ఇంట్లో నిద్రపోయేవాడు కాదు. అనుమానం ఆయనకి పుట్టుకతో వచ్చింది. లిఫ్టు తలుపులు మూసుకున్నా తనని చూసే మూసుకున్నాయంటాడు.

టిఫిను దగ్గర బావమరిది ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. చదువు పూర్తిచేసి అక్క ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. వెతుక్కోవడమంటే దరఖాస్తులు పెట్టడం కాదు. యంత్రాలొచ్చాక ఏ ఉద్యోగాలు మిగులుతాయో ముందు తేలనీ, పోయే ఉద్యోగానికి ఇప్పుడు తొందరపడటం ఎందుకని అతని వాదన.

"బావా, ఇది విను. యంత్రాలెన్ని వచ్చినా చెక్కుచెదరని ఉద్యోగాలట."

"చదువు," అన్నాడు నిద్రగన్నేరు, తనకేమీ పట్టనట్టు.

"నర్సులుంటారట. పళ్ళ డాక్టర్లుంటారట. చంటిపిల్లల్ని చూసుకునేవాళ్ళు, కుళాయిలు బాగుచేసేవాళ్ళు..."

"వాళ్ళకేం ఢోకా లేదులే. మనింటికి ఇంతవరకూ ఒక్కడూ రాలేదు," అంది భార్య వంటింట్లోంచి.

"పరుపుల సంగతేమైనా రాశారా?"

"పరుపులుంటాయి బావా. వాటిమీద పడుకునేవాళ్ళ గురించే ఏమీ రాయలేదు."

నవ్వేయాల్సిన మాటే. కానీ ఆ ఇంట్లో అలాంటి మాటకి నవ్వు రాదు. నిరుటిదాకా ఆవిడ ఒక పెద్ద ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఎంత కంగారుగా ఫోన్ చేసినవాళ్ళైనా ఆవిడ గొంతు వింటే కుదుటపడేవారు. ఒకరోజు ఆ కుర్చీలో ఒక పెట్టె పెట్టి, దానిచేత "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనిపించి, ఆవిడకి పూలగుత్తి ఇచ్చి పంపించేశారు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆవిడ ఆ నంబరుకి ఫోన్ చేస్తుంది. ఆ గొంతు నమస్కారం చెప్పబోతుండగానే టక్కున పెట్టేస్తుంది. అప్పట్నుంచీ ఇల్లంతా ఒక్క జీతం మీదే నడుస్తోంది. ఆ జీతం పడుకుంటే వచ్చేది. అందులో పెద్ద విద్యేమీ లేదని నిద్రగన్నేరుకి అందరికంటే బాగా తెలుసు. ఆయన భయమంతా అదే.

ఫ్యాక్టరీలో ఆయన గది తలుపు తీసి ఉంది. ఎప్పుడూ మూసి ఉంటుంది. అనుమానం అక్కడే ఒక మెట్టు ఎక్కింది. లోపల తనిఖీ బల్ల పక్కన ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఎప్పుడూ చూడని మనిషి. కళ్ళజోడు, ఒళ్ళో పలకలాంటి కంప్యూటరు. గది మూలన తెల్లగుడ్డ కప్పిన పెద్ద వస్తువేదో ఉంది.

మేనేజరు వెనకే వచ్చాడు. "ఈయన ఇవాళంతా మీ దగ్గరే ఉంటారు. మీరు పనెలా చేస్తారో చూస్తారు. ఏదీ దాచకుండా చూపించండి."

"ఈయనెవరు?"

"అన్నీ సాయంత్రం. పెద్దాయన వస్తున్నారు, మీతో మాట్లాడతారట."

"అదేమిటి, ఆ మూలన?"

"అది మీకోసమే. సాయంత్రందాకా ముట్టుకోకండి," అని మేనేజరు ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు.

మేనేజరు ఎవరి భుజమైనా తట్టడం నిద్రగన్నేరు అంతకుముందు ఒక్కసారే చూశాడు. గోదాములో లెక్కలు చూసే పెద్దమనిషిని ఇంటికి పంపిన రోజు అది. ఆ మర్నాడే అక్కడ చక్రాల యంత్రమొకటి తిరగడం మొదలుపెట్టింది.

షూ లేసు కట్టుకునే వంకతో మూలకి వెళ్ళి, గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చాడు. చల్లటి ఇనప కాలు తగిలింది. పక్కన ఇంకో కాలు. దాని వెనక, ఆయన అనుకున్నట్టే, చక్రాలు! ఇంకేముంది, అంతా అర్థమైపోయింది. ఆ కాళ్ళూ చక్రాలూ పరుపు మీద పడుకునే యంత్రానివి. ఈ కళ్ళజోడు యంత్రాలవాళ్ళ మనిషి. తను ఎలా పడుకుంటాడో ఇవాళ రాసుకుని రేపు దానికి నేర్పుతాడు.

"మొదలుపెడదామా సార్?" అన్నాడు కళ్ళజోడు వినయంగా. వినయం ఎక్కువైన చోట గొయ్యి ఉంటుందని నిద్రగన్నేరు నమ్మకం.

మామూలుగా పడుకుని లేస్తే పని అరనిమిషంలో అయిపోతుంది. యంత్రం అంతకంటే తొందరగా నేర్చేసుకుంటుంది. కాబట్టి మామూలుగా పడుకోకూడదు. యంత్రానికి బుర్ర తిరిగిపోవాలి. ఆయన మొదటి పరుపు దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, నాలుగు మూలలా వేళ్ళతో తట్టి, చెవి ఆనించి కళ్ళు చిట్లించాడు.

కళ్ళజోడు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఇది ఎందుకు సార్?"

ఈ ప్రశ్న వస్తుందని నిద్రగన్నేరు అనుకోలేదు. అబద్ధమాడటం తేలికే, దానికి కారణం చెప్పడమే కష్టం. "స్ప్రింగులు ఒకదానితో ఒకటి పడుతున్నాయో లేదో చూడాలి కదా. ఒకే ఇంట్లో ఉండాల్సినవాళ్ళాయె," అన్నాడు.

కళ్ళజోడు శ్రద్ధగా రాసుకున్నాడు. ఆ శ్రద్ధ చూస్తే నిద్రగన్నేరుకి ఒళ్ళు మండింది. రెండో పరుపు మీద తల ఉండాల్సిన చోట కాళ్ళు పెట్టి పడుకున్నాడు.

"ఇది సార్?"

"అలిగి పడుకునేవాళ్ళ కోసం. ప్రతి కొంపలోనూ ఒకరుంటారు. వాళ్ళు తలగడ అటు పెడితే ఇటు పడుకుంటారు. ఆ పరుపు వాళ్ళని కూడా మొయ్యాలా వద్దా?"

మూడోదాని అంచున ఒక్క పక్కగా, చేతులు కట్టుకుని, కింద పడీపడనట్టు పడుకున్నాడు. "అత్తారింటికొచ్చిన కొత్తల్లుడు. మధ్యలో పడుకోడు, మొహమాటం. అంచు గట్టిగా లేకపోతే తెల్లారేసరికి నేలమీద ఉంటాడు. పిల్లనిచ్చినవాళ్ళ పరువు పోతుంది."

నాలుగోదాని మీద జ్వరం వచ్చినవాడిలా మూలిగాడు. అయిదోదాని మీద పరీక్ష తప్పినవాడిలా బోర్లా పడి, తలగడలో మొహం దాచుకున్నాడు. ఆరంభంలో ఇదంతా యంత్రాన్ని చెడగొట్టడానికే. రానురానూ ఆయనకే దాని రుచి తెలిసింది. ఇన్నేళ్ళూ తను చేసిన పని ఇంత గొప్పదని ఆయనకీ ఇప్పుడే తెలుస్తోంది. అయినా ఒక కన్ను మాత్రం మూలనున్న గుడ్డమీదే ఉంచాడు. అది కదిలినట్టు రెండుసార్లు అనిపించింది.

మధ్యాహ్నానికి కళ్ళజోడు మొహం పీక్కుపోయింది. "సార్, ఒక్కసారి నేను పడుకుని చూడనా? మీరు చెబుతూ ఉండండి, నేను చేస్తాను."

నిద్రగన్నేరు పరుపుకి అడ్డంగా రెండు చేతులూ చాచాడు. "తప్పు! పరుపుకి ఒక మనిషి అలవాటయ్యాక ఇంకో మనిషి పడుకుంటే తీర్పు మారిపోతుంది."

"అయితే ఈ పని ఇంకొకళ్ళకి నేర్పడం..."

"కుదరదు."

"ఇదేనా సార్ ఆఖరు? ఇంకేమైనా ఉందా?"

ఇక్కడ లేదని ఊరుకుంటే కథ ఇంకోలా ఉండేది. కానీ అబద్ధం నోటికి అలవాటైన మనిషి ఒక్కటి తక్కువతో ఆగలేడు. నిద్రగన్నేరు కిటికీలోంచి దూరంగా చూశాడు. యంత్రం ఎంత ప్రయత్నించినా తెచ్చుకోలేనిది ఒకటి కావాలి. పొద్దుటి కుళాయి గుర్తొచ్చింది.

"అసలుది చెప్పనేలేదు. తిట్లు."

"తిట్లా?"

"మరి? ఏ ఇంట్లో అయినా మనిషి నిశ్శబ్దంగా పడుకుంటాడా? ఒకరు పక్కన నిలబడి, చెయ్యని పనులన్నీ గుర్తుచేస్తూ ఉంటారు. వాటి మధ్య నిద్రపట్టిందంటే అదీ పరుపు. హోటలుకి వెళ్ళేవాళ్ళంతా ఇళ్ళల్లోంచి వెళ్ళేవాళ్ళే కదా!"

"ఇప్పటిదాకా తిట్లు లేకుండానే చేస్తున్నారు కదా సార్?"

"పొద్దున్నే ఇంట్లో తినొస్తాను. మధ్యాహ్నందాకా సరిపోతాయి. ఇవాళ మీ ప్రశ్నలతో తొందరగా అయిపోయాయి."

కళ్ళజోడు లేచి పరుగులాంటి నడకతో మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. పీడ విరగడైందని నిద్రగన్నేరు ఊపిరి పీల్చుకున్నాడు. సాయంత్రం పెద్దాయన రాకముందే పని మొత్తం పక్కాగా చూపించి తీరాలని మేనేజరు పట్టుదల. తిట్లు కావాలంటే తిట్లు. ఆయన వెంటనే నిద్రగన్నేరు ఇంటికి ఫోన్ చేశాడు. మాటల్లో పొదుపు మనిషి, పైగా తొందర.

"అమ్మా, ఫ్యాక్టరీ నుంచి. మీ ఆయన పరుపు మీద ఉన్నారు. మీ గొంతు వినాలంటున్నారు. వెంటనే బయల్దేరి రండి," అని పెట్టేశాడు.

ఆసుపత్రిలో ఏళ్ళతరబడి ఇలాంటి ఫోన్లు కలిపిన మనిషి ఆవిడ. ఆ మాటలకి అర్థమేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. స్టవ్ కట్టేసింది, ఆయన పాత ఎక్స్‌రేలన్నీ సంచిలో కుక్కింది, తమ్ముణ్ణి రెక్కపట్టుకుని ఆటో ఎక్కించింది. దారి పొడుగునా ఆవిడ పళ్ళు బిగబట్టి కూర్చుంటే, బావమరిది మాత్రం వెక్కివెక్కి ఏడ్చాడు. బావ పోతే ఆ ఇంట్లో ఉద్యోగం చేయాల్సింది తనే.

వాళ్ళు గదిలోకి వచ్చేసరికి తెల్లటి పరుపు మీద, చేతులు గుండెలమీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిద్రగన్నేరు కదలకుండా పడుకుని ఉన్నాడు. పక్కన మేనేజరు తలవంచుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"బావా!" అని బావమరిది కాళ్ళమీద పడ్డాడు.

నిద్రగన్నేరు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. "ఏమైందిరా? ఎవరికేమైంది?"

ఆవిడ చేతిలోని సంచి జారిపోయింది. నోరు తెరిచాక ఇక ఆగలేదు.

"ఎవరికేమవుతుందండీ, నాకవుతుంది! గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తుకొస్తే మీరిక్కడ హాయిగా కాళ్ళు బారజాపుకుని పడుకున్నారా? కుళాయికి ఒక వాషర్ తేలేని మనిషికి నన్ను రప్పించే తీరికెక్కడిదండీ? నీళ్ళకింద పెట్టిన గిన్నె నిండిపోయి నిన్న వంటిల్లంతా చెరువైపోతే ఏమన్నారు? రేపన్నారు! ఆ రేపు ఏ పరుపుకింద పెట్టారో తీసి చూపించండి!"

"అద్భుతం," అన్నాడు మేనేజరు మెల్లగా. "పడుకోండి పడుకోండి, మధ్యలో లేవకండి."

నిద్రగన్నేరుకి పడుకోక తప్పలేదు. చిత్రమేమిటంటే, పొద్దుట్నుంచీ భయంతో బిగుసుకుపోయిన ఒళ్ళు ఆ గొంతు కింద సడలిపోయింది. రోజూ వినే మాటలే, రోజూ వచ్చే వరుసలోనే వస్తున్నాయి. కుళాయి అయ్యాక కిటికీ గడియ, ఆ తర్వాత ఆయన చిన్నాన్న. చిన్నాన్న దాకా ఆయన వినలేదు. గుర్రు పెట్టాడు.

మెలకువ వచ్చేసరికి ఎదురుగా పెద్దాయన ఉన్నాడు. ఫ్యాక్టరీ ఆయనది. ఆయన చేత్తోనే మూలనున్న తెల్లగుడ్డ లాగేశాడు.

అది యంత్రం కాదు. ఇనప కాళ్ళ మేజాబల్ల, చక్రాల కుర్చీ. రెండూ కొత్తవి.

"మీ కోసమే తెప్పించాను. ఆర్డర్లు పెరిగాయి, ఇన్నిటిమీద మీరొక్కరే ఎంతకని పడుకుంటారు? మిమ్మల్ని తనిఖీకి పెద్దని చేసి ఈ కుర్చీలో కూర్చోబెడదామనుకున్నా. పడుకోవడానికి అసిస్టెంటుగా ఈ అబ్బాయిని తీసుకున్నా. సాయంత్రందాకా మీకు చెప్పొద్దన్నది నేనే," అన్నాడు పెద్దాయన.

నిద్రగన్నేరు కళ్ళజోడు వంక చూశాడు.

"నేను కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాసేవాణ్ణి సార్. ఇప్పుడు అవే రాసేసుకుంటున్నాయి, నన్ను పంపించేశారు. యంత్రానికి రాని పనేదా అని వెతికితే, యంత్రం నిద్రపోదు కదా అనిపించింది. అందుకే మీ దగ్గర నేర్చుకుందామని వచ్చాను." అతను పెద్దాయన వైపు తిరిగాడు. "కానీ నావల్ల కాదండీ. కొత్తల్లుడిలా పడుకోవడం వరకూ ఎలాగో తంటాలు పడతాను. తిట్ల దగ్గరే... నాకింకా పెళ్ళి కాలేదండీ. నన్ను తిట్టేవాళ్ళెవరూ లేరు."

నిద్రగన్నేరు ఆ మేజాబల్ల మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. దానికి సొరుగులు కూడా ఉన్నాయి. "అయ్యా, అదంతా ఏదో మాటవరసకి..." అని మొదలుపెట్టబోయాడు.

పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "ముందు నా మాట వినండి. యంత్రాలు అమ్మేవాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. పడుకుని లేవడంలో ఏముందండీ, మా యంత్రం అంతకంటే బాగా పడుకుంటుందంటున్నారు. ఈ అబ్బాయి చెప్పినంత ఉందంటే సరే, వాళ్ళని రావద్దంటాను. లేదూ, ఉత్తినే పడుకుని లేవడమే అయితే రేపే తెప్పిస్తాను. చెప్పండి, ఏది నిజం?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే యంత్రం వస్తుంది. అబద్ధం మీద నిలబడితే కుర్చీ పోతుంది. ఇల్లు, కుళాయి, ఆసుపత్రివాళ్ళిచ్చిన పూలగుత్తి అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. నిద్రగన్నేరు తేలు కుట్టిన దొంగలా భార్య వైపు చూశాడు.

ఆవిడ కూడా ఆయన వైపే చూస్తోంది. పొద్దుట్నుంచీ అక్కడేం జరిగిందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ మొహం చూస్తే చెప్పాల్సిన పని లేకపోయింది. తన కుర్చీలో పెట్టెను పెట్టిననాడు తన తరఫున ఒక్కరూ నోరెత్తలేదని ఆవిడ మరిచిపోలేదు. నడుముకి కొంగు దోపుకుని ముందుకి వచ్చింది.

"అలా గుడ్లప్పగించి చూస్తారేమండీ, చెప్పరేం? ఇంట్లో మంచం కొన్ననాడు నేను గొంతు చించుకుంటే తప్ప దాని మంచీచెడూ మీకు తెలిసిందా? యంత్రాన్ని తెస్తారట! తెమ్మనండి, నేనూ చూస్తాను. దానికి కుళాయి ఉందా? చిన్నాన్న ఉన్నాడా? ఏం చెప్పి తిడతారు దాన్ని?"

పెద్దాయన చాలాసేపు ఆవిడని చూశాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఈ గొంతు నేనెక్కడో విన్నానమ్మా. మా అమ్మని ఆసుపత్రిలో చేర్చిన రోజు ఫోన్లో మీరేనా మాట్లాడింది?" అన్నాడు.

"అయ్యుండొచ్చండీ. ఇప్పుడక్కడ వేరేది మాట్లాడుతోంది."

"తెలుసు. మొన్న చేస్తే ఒకటి నొక్కమంది," అని పెద్దాయన మేనేజరు వైపు తిరిగాడు. "యంత్రాలవాళ్ళకి వద్దని చెప్పేయండి. ఈయన ఈ పరుపు మీంచి లేవడానికి వీల్లేదు. రిటైరయ్యేదాకా ఇక్కడే పడుకోవాలి. ఇక ఈవిడ రోజూ నిలబడి తిట్టలేరు కదా, కూర్చోవడానికి ఏదైనా ఉందా?"

మేనేజరు చక్రాల కుర్చీని నెట్టుకుంటూ తీసుకొచ్చాడు.

అలా నిద్రగన్నేరు ఉద్యోగానికి ఢోకా లేకుండా పోయింది. ఆవిడ పొద్దున్నే మేజాబల్ల దగ్గర కూర్చుంటుంది, ఆయన ఎదురుగా ఒక్కో పరుపూ ఎక్కుతాడు. మూలలు తట్టడం, అలగడం, కొత్తల్లుడు, జ్వరం, ఏదీ వదలడానికి లేదు. ఒకటి మరిచిపోతే ఆవిడ గుర్తుచేస్తుంది. టిక్కు పెట్టే సుద్దముక్క కూడా ఇప్పుడు ఆవిడ సొరుగులోనే ఉంటుంది. కళ్ళజోడు కుళాయిల పని నేర్చుకుని మొదట వీళ్ళింటికే వచ్చాడు. ఆవిడ గుమ్మంలోనే ఆపి, "ఇప్పుడు వద్దు నాయనా, అది బాగైతే రేపు ఆఫీసులో ఏం మాట్లాడను?" అని వెనక్కి పంపింది. అక్క ఉద్యోగం ఏ జాబితాలో ఉందా అని బావమరిది ఇంకా వెతుకుతున్నాడు.

ఇంట్లో మాత్రం నిద్రగన్నేరుకి నిద్ర కరువైంది. దీపం ఆర్పాక ఆశగా భార్య వైపు తిరిగి, కుళాయి కారుతోందని తనే గుర్తుచేస్తాడు. ఆవిడ ఊఁ అని అటు తిరిగి పడుకుంటుంది. పని ఇంటికి మోసుకొచ్చే అలవాటు ఆవిడకి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా లేదు.